పాత ట్రాక్టరుకు 'లాగుడు' పెంచడం: యంత్ర వివరణ, పదపరిశీలన

వ్యాససంగ్రహం

దశాబ్దాల నాటి ట్రాక్టరు ఇంజనును మార్చి లాగుడు బలాన్ని పెంచుకోవాలనే ప్రయత్నం తెలుగునాట వ్యవసాయ యాంత్రికీకరణలో ఒక అంతర్భాగం. లాగుడు ఇంజనులో ఉంటుందా, చక్రం కింద ఉంటుందా అన్న ప్రశ్నకు సమాధానం స్పష్టం కానప్పుడు ఈ ప్రయత్నం ఖర్చుగానూ, ఒక్కోసారి ప్రాణాపాయంగానూ పరిణమిస్తుంది. బోరు చేయించడం, పంపు పెంచడం, గవర్నరు వేగం మార్చడం, టర్బో అమర్చడం అనే నాలుగు మార్పులను ఈ వ్యాసం లెక్కలతో వివరిస్తుంది. 'బలం', 'శక్తి', 'సామర్థ్యం', 'దమ్ము', 'పట్టు' అనే తెలుగు మాటలు ఈ వివరణకు ఎంతవరకు ఉపకరిస్తాయో, ఎక్కడ దారి తప్పిస్తాయో పరిశీలిస్తుంది. జి. కొండూరు పరిసరాల మామిడి తోటల సేద్యం ఈ పరిశీలనకు నేపథ్యం.

కీలక పదాలు: ట్రాక్టరు, లాగుడు, టార్క్, అశ్వశక్తి, వృత్తిపదాలు, మామిడి సేద్యం, జి. కొండూరు.

1. ఉపోద్ఘాతం

ఎన్టీఆర్ జిల్లాలోని జి. కొండూరు మండలం 2022 వరకు కృష్ణా జిల్లాలో భాగం. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరుల వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి ఈ మండలం గుండా వెళుతుంది. ఒకవైపు కొండపల్లి కొండల వరుస, మరోవైపు బుడమేరు పరీవాహక భూములు, మధ్యలో మామిడి తోటలు ఇక్కడి భూస్వరూపం. నూజివీడు పేరుతో ప్రసిద్ధి చెందిన మామిడి మండలానికి ఇది పడమటి అంచు. ఇక్కడి బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయలకు నున్న మార్కెట్టు దగ్గరి గమ్యం.

మామిడి తోటలో ట్రాక్టరు చేసే పని వరిచేలో చేసే పనికి భిన్నమైనది. చెట్ల వరుసల మధ్య గొర్రుతో దున్నడం, కొమ్మల కింద నుంచి తిరగడం, వేసవిలో లేత మొక్కలకు నీటి ట్యాంకరును లాగడం, కోతల కాలంలో కాయల లోడును రోడ్డెక్కించడం ఇందులోని ప్రధానమైన పనులు. ఎత్తు తక్కువగా, మలుపు చిన్నదిగా ఉండే 35 అశ్వశక్తి తరగతి పాత ట్రాక్టరు ఈ పనులకు అనువుగా ఉంటుంది. కొత్త పెద్ద ట్రాక్టరు కొనడం కంటే ఉన్నదానికే బలం పెంచుకుందామన్న ఆలోచన అందుకే సహజంగా కలుగుతుంది. ఇంజను పునర్నిర్మాణానికి పేరుపడ్డ విజయవాడ జవహర్ ఆటోనగర్ చేరువలోనే ఉండటం ఆ ఆలోచనను సులభతరం చేస్తుంది.

అయితే 'ట్రాక్టరు లాగడం లేదు' అన్న ఒక్క వాక్యం వెనుక కనీసం మూడు వేర్వేరు లోపాలు ఉండవచ్చు. ఇంజను తన పూర్వపు బలాన్ని కోల్పోయి ఉండవచ్చు. ఇంజను బలంగానే ఉన్నా చక్రానికి నేలపై పట్టు లేకపోవచ్చు. ఆ రెండూ ఉన్నా ఎంచుకున్న గేరు పనికి సరిపడకపోవచ్చు. లోపం ఏదో తేల్చకుండా ఇంజనును మార్చడం రోగనిర్ధారణ లేని వైద్యం వంటిది.

2. మాటల దగ్గర మొదలయ్యే చిక్కు

తెలుగు భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల పరిభాషలో ఒక వస్తువును నెట్టేది, లాగేది 'బలం'. పని చేయగల నిల్వ 'శక్తి'. పని జరిగే రేటు 'సామర్థ్యం'. ఇరుసును తిప్పే బలానికి 'బలభ్రామకం' అన్న పదం ఉన్నా, 'టార్క్' అన్న ఆదానమే ఎక్కువగా స్థిరపడింది. ఈ విభజన శాస్త్రీయంగా నిర్దుష్టమైనదే. కాని వాడుకలో అత్యంత ప్రచారం పొందిన 'అశ్వశక్తి' అన్న పదమే ఈ విభజనను ఉల్లంఘిస్తుంది. అశ్వశక్తి శక్తికి ప్రమాణం కాదు, సామర్థ్యానికి ప్రమాణం. ఒక అశ్వశక్తి అంటే సెకనుకు సుమారు 746 జౌళ్ల పని. పాఠ్యపుస్తకాల్లో 'అశ్వసామర్థ్యం' అన్న రూపం కనిపించినప్పటికీ వాడుకలో నిలిచింది అశ్వశక్తే.

ఈ పదం కలిగించే భ్రమ చిన్నది కాదు. అశ్వశక్తి పెరిగితే లాగే బలం పెరుగుతుందని అది సూచిస్తుంది. నిజానికి సామర్థ్యం అనేది బలాన్ని వేగంతో గుణించగా వచ్చేది. అదే 35 అశ్వశక్తి తక్కువ గేరులో ఎక్కువ బలంగా, నెమ్మది నడకగా వెలువడుతుంది. ఎక్కువ గేరులో తక్కువ బలంగా, వేగపు నడకగా వెలువడుతుంది. కాబట్టి సామర్థ్యం పెంచితే మొదట పెరిగేది అదే బరువును ఎంత వేగంగా లాగగలదన్నది. ఎంత బరువును లాగగలదన్నది దానితోపాటు తప్పనిసరిగా పెరగదు.

వాడుక మాటల్లో ఈ భేదం మరింత సజీవంగా ఉంది. 'ఇంజనులో దమ్ము లేదు' అంటే లోడు పడగానే ఊపిరి ఆడనట్లు కుంగిపోతోందని అర్థం. ఇక్కడ 'దమ్ము' అంటే శ్వాస. డీజిలు ఇంజను విషయంలో ఈ రూపకం అక్షరాలా సరిపోతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరిమడిని బురదగా కలియదున్నడాన్ని కూడా 'దమ్ము' అనే అంటారు. రూపం ఒకటే అయినా అర్థం పూర్తిగా వేరు. అందుకు వాడే ఇనుప చక్రాలు 'దమ్ము చక్రాలు'. ఇక 'పట్టు' చక్రానికీ నేలకూ నడుమ ఉండే గుణం. 'పికప్' వేగం అందుకోవడం. 'లాగుడు' వీటన్నిటి ఉమ్మడి ఫలితం. దమ్ము ఇంజనుది, పట్టు చక్రానిది, లాగుడు బండిది. ఈ మూడు మాటలను వేరుగా పట్టుకుంటే యాంత్రిక వివరణలో సగభాగం పూర్తయినట్లే.

భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. నాగలి, కాడి, బండి భాగాల పేర్లు ప్రాంతభేదాలతో అందులో నమోదయ్యాయి. సరిగ్గా ఆ కాలంలోనే స్వదేశీ ట్రాక్టరు పుట్టింది. 1959లో ఫరీదాబాదులో ఐషర్ సంస్థ తొలి ట్రాక్టరును విడుదల చేసింది. మద్రాసులో టాఫే 1960లో ఏర్పడింది. ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఆఫ్ ఇండియా 1963లో స్థాపితమైంది. ఎద్దుల సేద్యపు పదజాలం గ్రంథస్థమవుతున్న వేళకు ఇంజను సేద్యపు పదజాలం షెడ్డుల్లో రూపుదిద్దుకోవడం మొదలైందన్నమాట.

3. పరిశీలనకు తీసుకున్న ఇంజను

టాఫే ద్వారా భారతదేశంలో విస్తరించిన మాసీ ఫెర్గూసన్ 35 తరగతి ట్రాక్టరును ఉదాహరణగా తీసుకోవచ్చు. దీని వంశం హ్యారీ ఫెర్గూసన్ 1946లో ఇంగ్లండులోని కోవెంట్రీలో ఉత్పత్తి ప్రారంభించిన టి.ఇ.20 ట్రాక్టరు వరకు వెళుతుంది. ఈ తరగతిలో వాడిన పెర్కిన్స్ ఎ3.152 ఇంజను పేరులోనే దాని లెక్క ఇమిడి ఉంది. మొదటి అంకె సిలిండర్ల సంఖ్య, తరువాతిది ఘనపు అంగుళాల్లో ఇంజను పరిమాణం. పెర్కిన్స్ రూపకల్పన ఆధారంగా చెన్నైలోని సింప్సన్ సంస్థ ఇంజన్లను తయారుచేస్తూ వచ్చింది.

ఈ ఇంజను సిలిండరు వ్యాసం 91.4 మి.మీ., పిస్టను కదిలే దూరం 127 మి.మీ. ఈ కొలతలతో మూడు సిలిండర్ల మొత్తం ఘనపరిమాణం సుమారు 2,500 ఘన సెం.మీ. నిమిషానికి 2,000 చుట్ల దగ్గర 35 అశ్వశక్తి, అంటే 26 కిలోవాట్లు వెలువడితే అక్కడి టార్క్ సుమారు 125 న్యూటన్ మీటర్లు. కింది లెక్కలన్నిటికీ ఈ సంఖ్యలే ఆధారం.

4. ఇంజనులో చేసే మార్పులు

4.1 బోరు

'ఇంజను బోరుకొచ్చింది' అన్న పలుకుబడి తెలుగు మెకానిక్కుల భాషలో స్థిరపడిన జాతీయం. నేలలో నీటికి వేసే 'బోరు', విసుగును తెలిపే 'బోరు', సిలిండరు లోపలి 'బోరు' మూడూ ఆంగ్లం నుంచి వచ్చి ఒకే రూపంలో నిలిచినవే. సిలిండరు గోడ, పిస్టను రింగులు అరిగి, నొక్కిన గాలి కిందికి జారిపోయే స్థితిని ఈ జాతీయం తెలుపుతుంది. చలికి స్టార్టు కాకపోవడం, ఇంజను ఆయిలు తరిగిపోవడం, నీలిపొగ, బ్రీదరు గొట్టం నుంచి ఆవిరిలా పొగ రావడం దీని లక్షణాలు.

బోరు చేయించిన తరువాత బండి బాగా లాగుతుందన్నది అనుభవంలో నిజమే. దానికి కారణంగా చెప్పుకునేది మాత్రం తరచు పొరపాటు. సిలిండరును 0.76 మి.మీ. (30 వేల వంతుల అంగుళం) పెద్దది చేసి, ఆ కొలతకు తగిన పిస్టను వేశారనుకుందాం. ఘనపరిమాణం 2,502 నుంచి 2,544 ఘన సెం.మీ.కు చేరుతుంది. పెరుగుదల 1.7 శాతం మాత్రమే. 35 అశ్వశక్తిపై అది 0.6 అశ్వశక్తి కన్నా తక్కువ. కాబట్టి బోరు తరువాత కనిపించే మార్పు కొత్తగా చేరిన బలం కాదు, పోయిన కంప్రెషన్ తిరిగి రావడం. లైనర్లు మార్చి పాత కొలతలోనే ఉంచినా అదే ఫలితం దక్కుతుంది. పెద్ద బోరు కోసం అవసరానికి మించి గోడను తొలిస్తే దక్కే లాభం స్వల్పం. గోడ పలచబడి మరో పునర్నిర్మాణానికి అవకాశం తగ్గడం పెద్ద నష్టం.

4.2 పంపు, గాలి

రెండవ మార్పు ఇంధన పంపులో జరుగుతుంది. గరిష్ఠ ఇంధనాన్ని నిర్ణయించే స్క్రూకు తయారీదారు సీలు వేస్తాడు. ఆ సీలు తీసి డీజిలు పెంచితే బలం పెరుగుతుందన్న నమ్మకం బలంగా ఉంది. దీన్ని ఊపిరి లెక్కతో పరీక్షించవచ్చు.

ఒక కిలో డీజిలు పూర్తిగా మండటానికి సిద్ధాంతరీత్యా సుమారు 14.5 కిలోల గాలి చాలు. కాని పాత డీజిలు ఇంజనులో గాలి, ఇంధనం సమంగా కలిసే వ్యవధి ఉండదు. గాలి నిష్పత్తి 18 నుంచి 20 కన్నా తగ్గితే నల్లపొగ మొదలవుతుంది. 2,500 ఘన సెం.మీ. నాలుగు స్ట్రోకుల ఇంజను 2,000 చుట్ల వద్ద, 85 శాతం నిండుదనంతో, గంటకు పీల్చేది సుమారు 127 ఘనమీటర్ల గాలి. అది 146 కిలోలకు అటూ ఇటుగా ఉంటుంది. 30 శాతం దక్షతతో 35 అశ్వశక్తి ఇవ్వాలంటే గంటకు సుమారు 8.75 లీటర్ల డీజిలు, అంటే 7.3 కిలోలు కావాలి. గాలిని ఇంధనంతో భాగిస్తే వచ్చేది 20. అంటే పూర్తి లోడులో ఈ ఇంజను పొగగీత అంచునే పనిచేస్తోంది. ఇంకా డీజిలు పోస్తే దానికి జతపడే గాలి లేదు. ఆ ఇంధనం కొంత బలంగా, ఎక్కువ భాగం మసిగా, వేడిగా మారుతుంది. మసి ఆయిలును చిక్కబరిచి బేరింగులను తింటుంది. వేడి పిస్టను తలను, ఎగ్జాస్ట్ వాల్వును కాలుస్తుంది.

ఈ లెక్కలో ఋతువుకూ పాత్ర ఉంది. 25 డిగ్రీల గాలితో పోల్చితే 45 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 6 శాతం తక్కువ. మామిడి కోతలు సాగే మే నెలలో, లోడు ఎక్కువగా ఉండే వేళకే ఇంజను ఊపిరి తగ్గుతుందన్నమాట. దానికి తోడు ఎర్రనేల దుమ్ము. పాత ట్రాక్టర్లలో ఉండే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరులో ఆయిలు బురదగా మారితే గాలి మరింత తగ్గుతుంది. కాబట్టి 'దమ్ము లేదు' అన్న ఫిర్యాదుకు తొలి చికిత్స డీజిలు పెంచడం కాదు. ఎయిర్ క్లీనరు శుభ్రం చేయడం, వాల్వుల సందు సరిచేయడం, నాజిళ్ల పిచికారీ పరీక్షించడం, పంపును బెంచిపై తయారీదారు కొలతకు తేవడం ముందు జరగాలి. ఈ పనుల వల్ల పాత ఇంజను తన అసలు బలానికి చేరువవుతుంది, పొగ కూడా తగ్గుతుంది.

4.3 గవర్నరు

గవర్నరు ఇంజనుకు పగ్గం వంటిది. లోడు పెరిగినప్పుడు ఇంధనం పెంచుతుంది, తగ్గినప్పుడు తగ్గిస్తుంది, గరిష్ఠ వేగాన్ని దాటనివ్వదు. ఈ పగ్గాన్ని వదులు చేసి 2,000 చుట్ల ఇంజనును 2,600 చుట్లు తిప్పితే కాగితం మీద సామర్థ్యం పెరుగుతుంది. అయితే తిరిగే భాగాలపై అపకేంద్ర బలం వేగపు వర్గానుపాతంలో పెరుగుతుంది. వేగం 1.3 రెట్లయితే ఆ బలం 1.69 రెట్లు. దశాబ్దాలు తిరిగిన పోత ఇనుప ఫ్లైవీలుకు, కనెక్టింగ్ రాడ్డు బోల్టులకు ఈ అదనపు భారం ప్రాణాంతకం. ఫ్లైవీలు పగిలితే ఆ ముక్కలు హౌసింగును చీల్చుకుని డ్రైవరు వైపే వస్తాయి. పైగా టార్క్ వేగంతోపాటు పెరగదు. పొడవైన స్ట్రోకు ఉన్న ఈ పాత ఇంజన్ల గుణమే తక్కువ వేగంలో గట్టిగా లాగడం.

4.4 టర్బో

ఊపిరి చాలని ఇంజనుకు ఊపిరి పెంచడమే సహేతుకమైన మార్గం. ఎగ్జాస్ట్ వాయువులతో తిరిగే టర్బో చేసేది అదే. నాలుగు మార్పుల్లో సామర్థ్యాన్ని నిజంగా గణనీయంగా పెంచగలది ఇదొక్కటే. కాని టర్బో ఇంజనుగా రూపొందిన దానిలో పిస్టనును కింది నుంచి ఆయిలుతో చల్లబరిచే ఏర్పాటు, తగ్గించిన కంప్రెషన్ నిష్పత్తి, బలమైన హెడ్ స్టడ్డులు, పెద్ద రేడియేటరు ఉంటాయి. ఇవి లేని పాత ఇంజనుకు టర్బో తగిలిస్తే హెడ్ గాస్కెట్టు ముందుగా పోతుంది. అది నిలిస్తే క్లచ్ ప్లేటు, అదీ నిలిస్తే క్రౌను, పినియను. బలహీనమైన లంకె ఒకచోట నుంచి మరోచోటికి జరుగుతుందే తప్ప తొలగిపోదు.

5. చక్రం కింద ఉన్న లాగుడు

ఇంజను టార్క్ గేరుబాక్సులో గుణింతమై ఇరుసుకు చేరుతుంది. తక్కువ గేరులో మొత్తం తగ్గింపు 150 రెట్లు, ప్రసారదక్షత 85 శాతం, వెనుక చక్రపు అర్ధవ్యాసం 0.6 మీటరు అనుకుందాం. 125 న్యూటన్ మీటర్ల టార్క్ చక్రం అంచున సుమారు 2,700 కిలోల బలంగా మారుతుంది. అప్పటి వేగం గంటకు 3 కి.మీ.

ఇక నేల వైపు లెక్క. ట్రాక్టరు బరువు 1,700 కిలోలు, అందులో 65 శాతం వెనుక చక్రాలపై ఉందనుకుంటే అది 1,105 కిలోలు. గట్టి నేలపై పట్టు గుణకాన్ని 0.6గా తీసుకుంటే నేల మోయగల లాగుడు దాదాపు 660 కిలోలు. దున్నిన గుల్లనేలపై గుణకం 0.4కు దిగితే 440 కిలోలు. ఇంజను 2,700 ఇవ్వగలదు, నేల 660 మాత్రమే పుచ్చుకోగలదు. మిగిలినదంతా చక్రం తిరిగిపోవడంలో, టైరు అరగడంలో పోతుంది. తక్కువ గేరులో చక్రం జారుతున్న ట్రాక్టరుకు ఇంజను బలం రెట్టింపు చేసినా లాగుడు ఒక్క కిలో పెరగదు.

ఇప్పుడు వెనుక టైర్లలో నీళ్లు నింపారనుకుందాం. ఈ పరిమాణపు టైరు ఒక్కొక్కటి మూడు వంతుల మేరకు నింపితే 150 లీటర్లకు అటూ ఇటూ పడుతుంది. రెండు టైర్లకు 300 కిలోలు చేరితే గట్టి నేలపై లాగుడు 660 నుంచి 840 కిలోలకు పెరుగుతుంది. పెరుగుదల నాలుగో వంతుకు పైమాటే. బోరు పెంచితే వచ్చిన 1.7 శాతాన్ని దీని పక్కన పెట్టి చూస్తే లాగుడు ఎక్కడుందో తెలుస్తుంది.

బరువు కూడా ఉచితం కాదు. మామిడి ఆహారపు వేళ్లలో ఎక్కువ భాగం నేల పైపొరల్లోనే వ్యాపించి ఉంటాయి. బరువైన ట్రాక్టరు తడినేలపై పదేపదే తిరిగితే మట్టి గట్టిపడి ఆ వేళ్లకు గాలి, నీరు అందవు. కాబట్టి బరువు పనిని బట్టి చేరాలి, పని ముగిశాక తగ్గాలి. ఈ అవసరానికి విప్పి తీయగల ఇనుప బరువులు నీళ్లకన్నా అనుకూలం. బురదమడిలో సూత్రం మరీ భిన్నం. అక్కడ బరువు కూరుకుపోతుంది, కాబట్టి దమ్ము చక్రాలు బరువుతో కాక రెక్కలతో పట్టు సాధిస్తాయి.

పట్టును తెలివిగా పెంచిన చారిత్రక ఉదాహరణ ఫెర్గూసన్ మూడు బిందువుల హిచ్. హైడ్రాలిక్ నియంత్రణతో కలిసి పనిచేసే ఈ అమరికలో నాగలిపై పడే నేల ఒత్తిడి, నాగలి బరువు ట్రాక్టరు వెనుక చక్రాలపైకి బదిలీ అవుతాయి. నాగలి ఎంత గట్టిగా దిగబడితే చక్రం నేలను అంత గట్టిగా పట్టుకుంటుంది. ఇంజను బలం పెంచకుండా తేలికైన ట్రాక్టరు చేత బరువైన ట్రాక్టరు పని చేయించిన రూపకల్పన ఇది. పాత మాసీ ట్రాక్టరులో హైడ్రాలిక్ డ్రాఫ్ట్ కంట్రోలు సరిగా పనిచేయకపోతే పోయేది కూడా లాగుడే. దానిని బాగుచేయించడం ఇంజను మార్పు కన్నా ముందు జరగవలసిన పని.

ఇంజను బలం నిజంగా అక్కరకు వచ్చే సందర్భాలూ ఉన్నాయి. రోటవేటరు పి.టి.ఓ. ద్వారా నేరుగా ఇంజను నుంచి బలం తీసుకుంటుంది, చక్రపు పట్టుతో దానికి పెద్దగా సంబంధం లేదు. లోడు ట్రక్కును ఎక్కువ గేరులో ఎత్తు ఎక్కించేటప్పుడూ ఇంజనే హద్దు. తగ్గింపు 40 రెట్లకు పడిపోయే గేరులో చక్రం అంచు బలం 720 కిలోలే, వేగం గంటకు 11 కి.మీ. అక్కడ ఇంజను కుంగడం, చక్రం జారకపోవడం స్పష్టంగా కనిపిస్తాయి. రైతు గమనించవలసిన పరీక్ష ఇదే: చక్రం తిరిగిపోతే లోపం పట్టులో, ఇంజను మూలిగి ఆగిపోతే లోపం దమ్ములో లేదా గేరు ఎంపికలో.

6. కొలత, పోటీ

ఈ భేదం ఒకప్పుడు ట్రాక్టరు పేర్లలోనే కనిపించేది. అమెరికాలో మెకార్మిక్-డీరింగ్ 10-20 అనే ట్రాక్టరు పేరులో 10 లాగుడుకు, 20 బెల్టు పనికి చెందిన అశ్వశక్తి. ఇంజను ఇచ్చేదానిలో సగమే లాగుడుగా నేలకు చేరేదని తయారీదారే ప్రకటించాడన్నమాట. తయారీదారుల ప్రకటనలపై అపనమ్మకంతో నెబ్రాస్కా రాష్ట్రం 1919లో చట్టం చేసి, 1920 నుంచి విశ్వవిద్యాలయం ద్వారా ట్రాక్టర్లను పరీక్షించసాగింది. మనదేశంలో మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో 1955 నుంచి కేంద్ర పరీక్షా సంస్థ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ పనిచేస్తోంది. ట్రాక్టరు పరీక్షలో ఇంజను సామర్థ్యంతోపాటు లాగుడు బలాన్ని, చక్రాల జారుడును కూడా వేరుగా కొలుస్తారు. బజారులో మాత్రం ఒక్క అశ్వశక్తి అంకే చలామణిలో మిగిలింది.

లాగుడును పోటీగా మార్చుకున్న సంస్కృతులు రెండు ఈ సందర్భంలో పోల్చదగినవి. అమెరికాలో గుర్రాల లాగుడు పోటీల నుంచి 1929లో ట్రాక్టరు లాగుడు పోటీలు పుట్టాయి. 1969లో వాటికి జాతీయ సంఘం ఏర్పడింది. పాత ఇంజన్లను విపరీతంగా మార్చే విద్య ప్రధానంగా అక్కడ పెరిగింది. ఆ పోటీలో పూర్తి లాగుడు దూరం 300 అడుగులు, అంటే సుమారు 91 మీటర్లు. 1.8 మీటర్ల వెడల్పున్న గొర్రుతో ఒక ఎకరం దున్నాలంటే ట్రాక్టరు నడవవలసింది సుమారు 2,250 మీటర్లు. 91 మీటర్లకు తయారైన ఇంజను సూత్రాలను ఎకరాల సేద్యానికి అన్వయించడం ఎందుకు కుదరదో ఈ అంకెలే చెబుతాయి.

కోస్తా జిల్లాల్లో ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు నేటికీ సజీవం. పళ్ల సంఖ్యను బట్టి జతలను విభజించి, నిర్ణీత సమయంలో బండను ఎంత దూరం లాగాయో కొలుస్తారు. ఎద్దును ఎంచేటప్పుడు కండను మాత్రమే చూడరు. మెడ కాడిని ఎలా మోస్తోంది, గిట్ట నేలను ఎలా పడుతోంది, జతలో రెండూ ఒకే ఊపున కదులుతున్నాయా అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. జారకుండా ఎద్దు కాలికి నాడా కొట్టించిన రైతుకు పట్టు అంటే ఏమిటో కొత్తగా నేర్పవలసిన పని లేదు. యంత్రం వచ్చాక ఆ జ్ఞానం అశ్వశక్తి అన్న ఒక్క మాట వెనుక మరుగున పడింది.

7. ప్రమాదం

మార్పు చేసిన ట్రాక్టరు వల్ల కలిగే అత్యంత తీవ్రమైన అపాయం వెనక్కు తిరగబడటం. ఇరుసుకు టార్క్ అందుతున్నా చక్రం కదలలేని స్థితిలో ట్రాక్టరు దేహమే ఇరుసు చుట్టూ పైకి లేస్తుంది. లాగే గొలుసును ఎంత ఎత్తున కడితే ముందు చక్రాలు అంత తేలికవుతాయి. 850 కిలోల లాగుడును నేల నుంచి 0.4 మీటరు ఎత్తులోని డ్రాబారుకు కడితే, ఇరుసుల మధ్య దూరం 1.8 మీటర్లయిన ట్రాక్టరులో ముందు చక్రాల మీద 190 కిలోల బరువు తగ్గుతుంది. అదే గొలుసును 0.9 మీటరు ఎత్తున, టాప్ లింకు దగ్గర కడితే 425 కిలోలు తగ్గుతుంది. ముందు భాగపు మొత్తం బరువు 595 కిలోలే. ఆ స్థితిలో క్లచ్ ఒక్కసారిగా వదిలితే మిగిలిన బరువూ తేలిపోతుంది. తిరగబడటం క్షణాల్లోనే ముగుస్తుంది. డ్రైవరుకు క్లచ్ తొక్కే వ్యవధి ఉండదు. పాత ట్రాక్టర్లకు రక్షణ చట్రం ఉండదు.

బురదలో దిగబడిన ట్రక్కును లాగేటప్పుడు, చెట్టు మొద్దును పెకలించేటప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. ఇంజను బలాన్ని, వెనుక బరువును పెంచి ముందు బరువును అలాగే ఉంచడం ఈ ప్రమాదాన్ని పెంచడమే. వెనుక బరువు చేరిస్తే ముందు కూడా బరువు చేరాలి, గొలుసు డ్రాబారుకే కట్టాలి. చట్టపరమైన పరిమితి కూడా ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. రిజిస్టరైన ట్రాక్టరు దీనికి మినహాయింపు కాదు.

8. ముగింపు

పాత ట్రాక్టరుకు లాగుడు పెంచే క్రమాన్ని పై పరిశీలన నుంచి ఇలా నిర్ధారించవచ్చు. మొదట ఇంజనుకు పోయిన దమ్మును తిరిగి తేవాలి: గాలి, కంప్రెషన్, నాజిళ్లు, పంపు కొలత. తరువాత చక్రానికి పట్టు చూడాలి: టైరు, బరువు, హిచ్, డ్రాఫ్ట్ కంట్రోలు. ఆపై పనికి తగిన గేరు ఎంచుకోవాలి. ఈ మూడూ సరిగా ఉన్నా పి.టి.ఓ. పనికో, ఎత్తు మీది రవాణాకో బలం చాలకపోతే, ఆ పని ఈ ట్రాక్టరుది కాదని గుర్తించడమే లాభం. ఇంజనును దాని హద్దు దాటించడం చివరి మెట్టుగా కూడా సిఫారసు చేయదగినది కాదు.

భాషాపరంగా తేలేది మరొకటి. శాస్త్ర పరిభాష బలాన్ని, శక్తిని, సామర్థ్యాన్ని విడదీసింది, కాని ఆ విభజన పాఠ్యపుస్తకం దాటలేదు. షెడ్డులోని వాడుక దమ్మును, పట్టును, లాగుడును విడదీసింది, కాని ఆ విభజన నిఘంటువులోకి చేరలేదు. 1962 నాటి వృత్తిపదకోశం నాగలి భాగాలకు చేసిన సేవ ఇంజను భాగాలకు, ఇంజను జబ్బులకు ఇంకా జరగవలసి ఉంది. జి. కొండూరు తోటల నుంచి విజయవాడ ఆటోనగర్ వరకు సాగే దారి అటువంటి పదసేకరణకు తగిన క్షేత్రం. ఆ మాటలు సక్రమంగా నమోదైతే లబ్ధి పొందేది నిఘంటువు మాత్రమే కాదు. 'లాగడం లేదు' అన్న ఫిర్యాదుతో వచ్చిన రైతుకు లోపం ఇంజనులో ఉందో, చక్రం కింద ఉందో ఆయన మాటల్లోనే వివరించే వీలు కలుగుతుంది.